లోడు ఎక్కేముందు థర్మామీటర్ ఎక్కడ పెట్టారు?

ఈసారి ఉత్తరాలన్నీ రీఫర్ బండ్లు, అంటే సరుకుని చల్లగా ఉంచి తీసుకెళ్లే ఫ్రిజ్ లారీలు నడిపే ఇళ్ల నుంచే వచ్చాయి. బండి గురించి అడుగుతున్నట్టు మొదలుపెట్టి సగంలో అన్నదమ్ముల గొడవలోకి వెళ్లినవి కొన్ని, ఇంటి గొడవ అని రాసి చివరికి కంప్రెసర్ దగ్గర తేలినవి కొన్ని. పేర్లూ ఊర్లూ తీసేసి, మరీ పొడుగ్గా ఉన్నవాటిని కాస్త కత్తిరించి వేస్తున్నాం.

ప్రశ్న: నాన్న మొదలుపెట్టిన కంపెనీ మాది, ఇప్పుడు నేను చూస్కుంటున్నా. ఈమధ్య ఆకుకూరల లోడు ఒకటి వేశాం, చల్లబరిచే యూనిట్‌కి మేం పెట్టిన టెంపరేచర్, అదే సెట్‌పాయింట్, 2 డిగ్రీలు, దారంతా డిస్‌ప్లే 2 దగ్గరే ఉంది. దించే చోట వాళ్లు పెట్టె మధ్యలో గుచ్చి చూస్తే 9 వచ్చిందంట, మొత్తం లోడు వెనక్కి కొట్టారు. యూనిట్ కరెక్టుగా ఉంది కాబట్టి మన తప్పేం లేదని నాన్న పట్టు. తప్పెవరిదండీ?

జవాబు: మీ నాన్నగారి మాటా నిజమే, దించుకునేవాళ్ల మాటా నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. డిస్‌ప్లే మీద కనపడేది గాలి టెంపరేచర్, సరుకుది కాదు. ఈ యూనిట్లు తయారుచేసిందే చల్లగా ఎక్కిన సరుకుని చల్లగా ఉంచడానికి, వెచ్చగా ఎక్కినదాన్ని చల్లార్చడానికి కాదు. గోడల్లోంచి దూరే వేడి, తలుపు తీసినప్పుడు వచ్చే వేడి, పళ్లూ కూరలూ అయితే కోసినా ఇంకా ఊపిరి తీస్తూనే ఉంటాయి కాబట్టి అవి వదిలే వేడి, వీటిని బయటికి తోయడంతోనే దాని శక్తి అయిపోతుంది. తోట దగ్గర కోల్డ్ స్టోరేజీలో పెద్ద ఫ్యాన్లు పెట్టి పెట్టెల్లోంచి గాలి లాగితే గంటల్లో దిగే వేడి, బండిలో అయితే ఒక్కోసారి ట్రిప్పు అయిపోయినా దిగదు.

కాబట్టి మీకు జరిగింది రెండిట్లో ఒకటి, సరుకు వెచ్చగానే ఎక్కింది, లేదా చల్లగా ఎక్కినా లోపల గాలి తిరగలేదు. ఏది జరిగిందో మీ దగ్గరున్న రికార్డులోనే తెలుస్తుంది. యూనిట్ మెమరీలోంచి డౌన్‌లోడ్ తీసినప్పుడు పంపే గాలి, తిరిగొచ్చే గాలి అని రెండు గీతలు వస్తాయి, చాలామంది ఒక్కటే చూసి మూసేస్తారు. మొదట్లో తిరిగొచ్చే గాలి పైన ఉండి గంటలు గంటలు మెల్లగా దిగుతూ, యూనిట్ ఫుల్ కూలింగ్‌లోనే ఉండిపోయిందంటే సరుకు వెచ్చగా ఎక్కినట్టు. తలుపులేసిన కాసేపటికే రెండు గీతలూ అతుక్కుపోయి, యూనిట్ హాయిగా తక్కువలో నడుస్తూ ఉండి, సరుకు మాత్రం వేడిగా తేలిందంటే గాలి ముందువైపే చుట్టుతిరిగి వెనక్కి వచ్చేసిందన్నమాట. పెట్టెలు గోడమీద గీసిన ఎర్ర గీత దాటి పైకి పేర్చుంటారు, లేదా వెనక తలుపుకి ఆనించి నొక్కుంటారు, లేదా నేల మీద గాలి పోయే కాలవల్లో అట్టముక్కలూ ప్లాస్టిక్కూ ఇరుక్కుని ఉంటాయి. మొదటిదైతే పంపినవాళ్లతో మాట్లాడొచ్చు, రెండోదైతే పేర్చింది ఎవరో, దగ్గరుండి చూడాల్సింది ఎవరో మీ కాంట్రాక్టులో చూడాలి.

ఇకమీదట డ్రైవర్ చేతికి గుచ్చే థర్మామీటర్ ఇవ్వండి. ఐసు ముక్కలూ నీళ్లూ కలిపిన గ్లాసులో పెడితే అది 0 చూపించాలి, చూపించకపోతే ఆ థర్మామీటర్‌తో ఎవరితోనూ వాదించకండి. లోడు ఎక్కేటప్పుడు మొదటి ప్యాలెట్ (పెట్టెలు పేర్చే చెక్కపీట), మధ్యది, ఆఖరిది, మూడింట్లోనూ పైపెట్టె కాకుండా నడిమి పెట్టె తెరిచి సరుకు లోపలికి దించి, అంకె కదలడం ఆగేదాకా ఉంచాలి, గడ్డకట్టిన సరుకైతే రెండు పెట్టెల మధ్య నొక్కిపెట్టి చూడాలి. ఆ మూడు అంకెలూ, టైమూ, లోడింగ్ రసీదు మీద సంతకం పెట్టకముందే రాయాలి. డాక్ (సరుకు ఎక్కించే, దించే అరుగు) మీదకి డ్రైవర్‌ని రానివ్వని చోట్లు ఉంటాయి, అలాంటప్పుడు గొడవ పడక్కర్లేదు, సరుకు టెంపరేచర్ చూడనివ్వలేదు, పేర్చేటప్పుడు ఉండనివ్వలేదు అని అదే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఫొటో తీసి ఆఫీసుకి పంపితే చాలు. మీ నాన్నగారి రోజుల్లో మాట మీద నడిచిందేమో, ఇప్పుడు నడవదు. అమెరికాలో 2016లో వచ్చిన ఫుడ్ రవాణా రూల్ ప్రకారం ఎంత టెంపరేచర్‌లో తీసుకెళ్లాలో పంపేవాళ్లు రాతపూర్వకంగా చెప్పాలి, అడిగితే అలాగే తీసుకెళ్లామని బండివాళ్లు చూపించాలి. మీ దేశంలో రూల్ ఏదైనా ఈ పద్ధతి పెట్టుకుంటే నష్టం లేదు.

ప్రశ్న: వెనక్కి ఖాళీగా రావడం ఎందుకని సగం బండికి ఒకళ్ల సరుకు, సగానికి ఇంకొకళ్లది వేస్తున్నాం. అన్నీ పళ్లూ కూరగాయలే కదా, ఏమవుతుంది?

జవాబు: చాలా అవుతుంది. అరటికి 13, 14 డిగ్రీలు కావాలి, అంతకంటే బాగా తగ్గితే తొక్క బూడిదరంగు తిరిగి సరిగ్గా పండదు, లెట్యూస్‌కి 0 దగ్గర ఉండాలి, ఈ రెండిటికీ నచ్చే సెట్‌పాయింట్ ఎవడి దగ్గరా లేదు. 7 పెడదాంలే మధ్యలో అనుకుంటే రెండూ పోతాయి. సరే ఇద్దరిదీ ఒకే టెంపరేచర్ అనుకుందాం, అప్పుడు ఇథిలీన్ అని, కాయల్ని పండించే వాయువు, ఇంకో తలనొప్పి. యాపిల్ పండ్లు ఆ వాయువు వదుల్తూ ఉంటాయి, పక్కన క్యారెట్ ఉంటే చేదెక్కుతుంది, లెట్యూస్‌కి గోధుమరంగు మచ్చలొస్తాయి, కివీ మెత్తబడిపోతుంది. ద్రాక్షపెట్టెల్లో బూజు పట్టకుండా సల్ఫర్ డయాక్సైడ్ వదిలే ప్యాడ్లు పెడతారు, అవి పక్కసరుకుని పాడుచేస్తాయి. వాసనల సంగతి చెప్పక్కర్లేదు, చేపలు దించిన బండిలో కడక్కుండా వెన్న ఎక్కించేవాళ్లు ఇంకా ఉన్నారు! కడిగినా ఆరనివ్వాలి, తడినేల మీద అట్టపెట్టెలు పెడితే కింద వరస కుంగుతుంది, కుంగితే గాలిదారి మూసుకుపోతుంది. రెండు లోడ్లు కలపాలంటే మధ్య పార్టిషన్, రెండో కూలింగ్ కాయిలూ ఉన్న బండి చూస్కోండి, లేదంటే కలిపేముందు ఇద్దరు కస్టమర్లకీ చెప్పి ఒప్పుకున్నట్టు రాయించుకోండి. చెప్తే ఒప్పుకోరు అంటారా, మరి అదే కదా జవాబు.

ప్రశ్న: స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. లారీకి ఫ్రిజ్ పెట్టింది మొదట ఎవరు? మా తాతయ్యకీ తెలీదంట.

జవాబు: ఫ్రెడరిక్ మెక్‌కిన్లీ జోన్స్ అని రాయి బాబూ. 1893లో పుట్టిన నల్లజాతి అమెరికన్, పెద్దగా చదువుకోలేదు, మిషన్లు విప్పి బిగించి సొంతంగా నేర్చుకున్నాడు. జోసెఫ్ న్యూమెరో అనే ఆయన దగ్గర సినిమా హాళ్ల సౌండు సామాన్లు తయారుచేసేవాడు, దారి కుదుపులకి ఊడిపోకుండా లారీ మీద నిలబడే కూలింగ్ యూనిట్‌ని 1938 ప్రాంతంలో చేశాడు, వాళ్లు పెట్టిన కంపెనీయే తర్వాత థర్మో కింగ్ అయింది. అంతకుముందు ఐసూ ఉప్పూ వేసుకుని వెళ్లేవాళ్లు, ఐసు కరిగేలోపు చేరితే చేరినట్టు. 1961లో చనిపోయాడు, 1991లో అమెరికా ప్రభుత్వం నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చింది. తాతయ్యకి కూడా చదివి వినిపించు.

ప్రశ్న: మేం ముగ్గురం అన్నదమ్ములం. పెద్దన్నయ్య ఆఫీసు, నేను బండి మీద, తమ్ముడు వర్క్‌షాపు. జీతాలంటూ ఏం లేవు, ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటాం. ఆడిటరేమో లాభం అంటాడు, బ్యాంకులో చూస్తే డీజిల్‌కి కూడా వెతుక్కోవాలి. రాత్రులు బండి నడిపేది నేను, ఏసీ గదిలో కూచునేది వాళ్లు అని నాకూ లోపల ఉంది, ఇంట్లో కూడా మాటలు మొదలయ్యాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు డబ్బు సంగతి చూద్దాం తమ్ముడూ, ఎందుకంటే డబ్బెక్కడికి పోయిందో తెలీనప్పుడే ఒకరిమీద ఒకరికి అనుమానం వస్తుంది, నిజానికి చాలా ఇళ్లల్లో ఎవరూ తినేసి ఉండరు, లెక్కలో రాయలేదంతే.

లాభం కాగితం మీద ఉండి బ్యాంకులో లేదంటే మొట్టమొదట వసూళ్లు చూడండి. డీజిల్‌కి ఇవాళ కట్టాలి, డ్రైవర్‌కి నెలకి కట్టాలి, కస్టమరేమో నెలకీ రెండు నెలలకీ ఇస్తాడు. పని పెరిగేకొద్దీ ఈ గుంట ఇంకా లోతవుతుంది, కొత్త కస్టమర్ దొరికాడని సంబరపడి ఇంకో రెండు బండ్లు పెడితే రెండు నెలల డీజిల్ మీ జేబులోంచి పోయినట్టే. ఇంకొకటి, ఒక లోడు పాడైందని క్లెయిమ్ పెట్టి, దానికి సంబంధం లేని వేరే లోడ్ల బిల్లుల్లోంచి కోసుకునేవాళ్లు ఉంటారు, ఒప్పుకోకుండా అలా కోయకూడదని కాంట్రాక్టులో ముందే రాయించుకోండి.

తర్వాత, మామూలు లారీవాళ్లలాగా కిలోమీటర్ల మీద రేటు లెక్కేస్తున్నారేమో చూడండి. రీఫర్‌కి అది సరిపోదు. పెద్ద ట్రైలర్ యూనిట్‌కి సొంత డీజిల్ ఇంజిన్ ఉంటుంది, దాని ఆయిలూ ఫిల్టరూ బెల్టూ అన్నీ గంటల లెక్కన మారుస్తారు. డాక్ బయట లైన్లో మీ బండి పొద్దుటినుంచి సాయంత్రందాకా నిలబడింది అనుకోండి, కిలోమీటరు మీటర్ కదల్లేదు, కానీ యూనిట్ గంటల మీటర్ తిరుగుతూనే ఉంది, డీజిల్ తాగుతూనే ఉంది. ఆ నిలబెట్టిన గంటలకి చార్జీ అడిగేటప్పుడు బండీ డ్రైవరూ కాక యూనిట్ డీజిలూ అరుగుదలా కలపాలి. నడిచిన ప్రతి గంటకీ కొంత తీసి వేరే ఖాతాలో పడేస్తే కంప్రెసర్ పోయిన రోజు అప్పుకి పరిగెత్తక్కర్లేదు. ఒక్కో బండికి విడిగా లెక్క రాయండి, మొత్తం కలిపి చూస్తే ఒక బండి నష్టాన్ని ఇంకో బండి కప్పేస్తుంది, ఏ కస్టమర్ వల్ల నష్టపోతున్నారో ఎప్పటికీ తెలీదు.

ఇక జీతాలు. మీ ముగ్గురి జీతం ఖర్చులో రాయకుండా రేటు కడుతున్నారు కాబట్టే ఆ లాభం కనపడుతోంది, అది మీ ఉచిత చాకిరీకి పెట్టిన పేరు. మీ ప్లేసులో బయటి డ్రైవర్‌ని పెడితే ఎంత ఇస్తారో అంత మీకు, అన్నయ్య కుర్చీలో బయటి మేనేజర్‌కి ఎంతో అంత ఆయనకి, తమ్ముడికి మెకానిక్ జీతం, ముగ్గురూ నెలానెలా తీసుకోండి, అవి ఖర్చు కింద రాయండి. రాత్రి డ్యూటీకి ఎక్కువ ఇవ్వాలనిపిస్తే అది జీతంలోనే ఇవ్వండి. అవన్నీ పోయాక మిగిలింది లాభం, దాన్ని వాటాల ప్రకారం పంచుకోండి. పనికి జీతం, వాటాకి లాభం, ఈ రెండూ కలిపి ఒకే డబ్బా చేసినంతకాలం ఎవరికి ఎంత ఇచ్చినా తక్కువే అనిపిస్తుంది. అన్నయ్య ఏసీ గది గురించి ఒక మాట, రాత్రి రెండింటికి బండి ఆగితే ఫోన్ ఎత్తేది ఎవరు, రిజెక్టయిన లోడుకి కస్టమర్ తిట్లు తినేది ఎవరు అని కూడా అడిగి చూడండి, ఆయనే అయితే ఆ గది అంత చల్లగా ఏం ఉండదు.

ఎవరు ఏం తేల్చొచ్చో కూడా ఒక పేజీ రాసుకోండి. వెచ్చగా ఉన్న లోడు వద్దనే అధికారం డాక్ మీద ఉన్నవాడిదా ఆఫీసుదా, బండి కొనాలంటే ముగ్గురి సంతకం కావాలా ఇద్దరిది చాలా, పిల్లలు వ్యాపారంలోకి వస్తే ఏ పనిలో మొదలెట్టాలి. ఒకళ్లు బయటికి పోతానంటే వాటాకి విలువ ఎలా కట్టాలి, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి అన్నది మాత్రం ఎవరికీ పోవాలని లేని ఇప్పుడే రాయాలి, పోతానన్నాక ఏ అంకె చెప్పినా దొంగలెక్కలాగే వినపడుతుంది.

ప్రశ్న: మా డ్రైవర్ ఒకాయన రాత్రి పడుకునేటప్పుడు యూనిట్ ఆపేసి పొద్దున వేస్తాడు, డీజిల్ మిగుల్తోంది, లోపల ఏం కరగట్లేదు కదా అంటాడు. నిజమేనా?

జవాబు: కరగకపోవచ్చు, కానీ పాడవుతుంది. ఐస్‌క్రీమ్‌లో టెంపరేచర్ పైకీ కిందకీ ఊగిన ప్రతిసారీ చిన్న ఐసు కణాలు కరిగి పెద్దవాటికి అంటుకుని గడ్డకడతాయి, తింటే ఇసకలాగా తగుల్తుంది. మైనస్ 18లో ఉండాల్సిన ప్యాకెట్లలో లోపల మంచుపొడి పేరుకుంటుంది, దించుకునేవాడు అది చూడగానే కథ చెప్పేస్తాడు. పైగా ఇన్సూరెన్స్‌లో యూనిట్ చెడిపోతే ఇచ్చే కవర్ వేరుగా తీసుకోవాల్సి ఉంటుంది, అది ఉన్నా మనమే ఆపేయడం, ట్యాంకులో డీజిల్ అయిపోవడం లాంటివి మామూలుగా అందులోకి రావు. మీ పాలసీలో మినహాయింపుల పేజీ ఒకసారి చదవండి, ఆ డ్రైవర్‌కి కూడా చదివి వినిపించండి.

డీజిల్ మిగల్చాలంటే వేరే దారులున్నాయి. గడ్డకట్టిన సరుకుకి స్టార్ట్-స్టాప్ మోడ్ పెడితే సెట్‌పాయింట్‌కి చేరాక ఇంజిన్ తనే ఆగి, అవసరమైనప్పుడు తనే అంటుకుంటుంది. పళ్లకీ ఆకుకూరలకీ మాత్రం వద్దు, వాటికి గాలి ఆగకుండా తిరగాలి. ఖాళీ బాడీని ముందే చల్లబరిచి డాక్‌కి వెళ్లండి, కానీ తలుపులు తెరిచి లోడు ఎక్కేటప్పుడు యూనిట్ ఆపేయాలి, నడుస్తూ ఉంటే బయటి తేమగాలి లాక్కుని కాయిల్ మీద మంచు కడుతుంది, ఆ మంచు కరిగించడానికి మళ్లీ డీఫ్రాస్ట్, దానికి మళ్లీ డీజిల్. చిన్న బండ్లలో యూనిట్ బండి ఇంజిన్ మీదే నడుస్తుంది కాబట్టి రాత్రి ఆగే చోట కరెంటు ప్లగ్గు ఉండేలా చూస్కోండి.

ప్రశ్న: నేను చదువయ్యాక నాన్నకి సాయంగా ఆఫీసులో కూర్చుంటున్నా. బండ్లన్నిటికీ లైవ్‌లో టెంపరేచర్ చూపించే బాక్సులు పెడదామంటే నాన్న ఒప్పుకోడం లేదు, ఇన్నేళ్లు పనిచేసినవాళ్లని అనుమానిస్తున్నట్టు ఉంటుంది అంటారు.

జవాబు: అమ్మా, నాన్నగారి భయం ఉత్తదేం కాదు, నిఘా పెట్టారనిపిస్తే మంచి డ్రైవర్లే ముందు వెళ్లిపోతారు. కాబట్టి దాన్ని వాళ్ల కోసం పెడుతున్నట్టే పెట్టండి, నిజం కూడా అదే. తలుపు సెన్సర్ ఉందనుకోండి, దించే చోట వాళ్లే తలుపులు తెరిపించి ముప్పావు గంట నిలబెట్టారని అందులో పడుతుంది, టెంపరేచర్ ఎప్పుడు పెరిగిందో పక్కనే కనపడుతుంది, ఇక డ్రైవర్ మీద నెట్టడం కుదరదు. ఒకసారి అలా ఒక డ్రైవర్ బయటపడితే మిగతావాళ్లు వాళ్లే వచ్చి నా బండికి పెట్టండి అంటారు.

అలారాల విషయంలో తొందరపడొద్దు. డీఫ్రాస్ట్ జరిగేటప్పుడు కాయిల్‌ని వేడిచేస్తారు, అప్పుడు గాలి టెంపరేచర్ కాసేపు ఎగిరి మళ్లీ దిగుతుంది, సరుకుకి ఏం కాదు. సెట్‌పాయింట్ దాటగానే మోగేలా పెట్టారంటే రాత్రంతా మోగుతూనే ఉంటుంది, రెండు రోజులకి అందరూ ఫోన్ సైలెంట్‌లో పెట్టేస్తారు, అసలు యూనిట్ ఆగిన రోజు ఎవరూ చూడరు. ఇన్ని డిగ్రీలు దాటి, ఇంతసేపు అలాగే ఉంటేనే అని రెండు షరతులు కలిపి పెట్టండి. ఈ రాత్రి ఎవరి ఫోన్‌కి రావాలి, వాళ్లు ఎత్తకపోతే తర్వాత ఎవరికి అన్నది పేర్లతో గోడ మీద అంటించండి, అందులో మీ పేరు కూడా వేసుకోండి. అందరికీ పంపే అలారం ఎవరిదీ కాదు.

ప్రశ్న: పాత రీఫర్ ట్రైలర్ ఒకటి బేరానికి వచ్చింది. యూనిట్ కొత్తగా బాగుచేయించాం, మంచులా కొడుతోంది అంటున్నారు. ఏం చూసి కొనాలి?

జవాబు: యూనిట్ చూపిస్తున్నారంటే మీరు బాడీ చూడండి. యూనిట్‌ని మార్చుకోవచ్చు, గోడల్లో వేడిని ఆపే ఫోమ్ పోయిందంటే అది బాగుపడదు. 1970లో జెనీవాలో కుదిరిన ఏటీపీ అనే ఒప్పందం ఉంది, పాడయ్యే ఫుడ్‌ని దేశాలు దాటించే బండ్లకోసం, అందులో గట్టి ఇన్సులేషన్ అనిపించుకోవాలంటే వేడి దూరే లెక్క చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి 0.40 వాట్లు దాటకూడదు, కొత్త బండికి సర్టిఫికెట్ ఆరేళ్లకే ఇచ్చి తర్వాత మళ్లీ పరీక్షించి ఇంకో మూడేళ్లు పొడిగిస్తారు. అంటే వయసుతో ఫోమ్ నీరసపడుతుందని రూల్ రాసినవాళ్లే ఒప్పుకున్నారు. బాడీ మీద ఎక్కడైనా చిల్లుపడి నీళ్లు ఇంకితే ఇంకా తొందరగా పోతుంది, అలాంటి ట్రైలర్ ఖాళీగానే బరువు పెరిగి ఉంటుంది, కాటా వేయించి ప్లేటు మీద రాసున్న ఖాళీ బరువుతో పోల్చండి.

పట్టపగలు ఎండలో నిలబెట్టి మీరు లోపలికెళ్లి, బయట మీ మనిషిని ఒకణ్ణి పెట్టుకుని తలుపులు గట్టిగా వేయించండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగితే రబ్బరు సరిగ్గా కూర్చోని చోటల్లా సన్నటి వెలుతురు గీతలు కనపడతాయి, ముఖ్యంగా కింది మూలల దగ్గరా, రెండు తలుపులు కలిసే చోటా, నేలలో నీళ్లు పోయే కన్నాల దగ్గరా. తర్వాత ఒక కాగితం ముక్క రబ్బరులో పెట్టి తలుపేసి లాగి చూడండి, ఊరికే జారొచ్చేస్తే అక్కడ గాలి కూడా అలాగే వస్తుంది. రబ్బరు మార్పించుకోవచ్చు, అది బేరంలో తగ్గించే వస్తువు. గోడ రివెట్ల దగ్గర ఉబ్బి ఉంటే, నేల నొక్కితే మెత్తగా దిగితే మాత్రం తగ్గించినా వద్దు.

యూనిట్ విషయంలో గంటల మీటర్, సర్వీసు పుస్తకం రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, పుస్తకం లేదంటే బాగుచేయించాం అన్న మాటకి బిల్లులు అడగండి. ప్లేటు మీద చల్లబరిచే గ్యాస్ ఏదని రాసుందో చూడండి, ఆర్-404ఏ అయితే అది వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి 3,900 రెట్లకి పైమాటే, 2016 కిగాలీ ఒప్పందం తర్వాత ఇలాంటి గ్యాసులు తగ్గించుకుంటూ వస్తున్నారు కాబట్టి ముందుముందు నింపించడం కష్టమవ్వొచ్చు. మీ మెకానిక్‌ని అడిగి ఆ గ్యాస్ మీ దగ్గర ఇంకా దొరుకుతోందా, దాని బదులు వేరేది ఆ యూనిట్‌లో పడుతుందా అన్నది తెలుసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.